తెల్ల రమ్ములో దేముడమ్మ

నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఏజెన్సీ గూడేలన్నీ నర్సమ్మగా తిరిగి, సూదికి భయపడి పారిపోయే మగాళ్ళని వెంటబడి పట్టుకున్నదాన్ని. కోపం లేకపోతే ఆ ఉద్యోగం సాగేది కాదు. కానీ ఆ రోజు ఫల్గుణ మీద వచ్చినంత కోపం నాకు ఎన్నడూ రాలేదు. వాడు మా వదిన కాచిన సారాని నోట్లో పోసుకుని, పుక్కిలించి, మా వాకిట్లో ఉమ్మేశాడు.

ఫల్గుణ మా మేనకోడలు హేమలతని చేసుకోబోయే కుర్రాడు. అరకులో టూరిస్టుల రిసార్టు ఒకదాంట్లో బార్ కౌంటర్ వెనక నిలబడి డ్రింకులు కలుపుతాడు. హేమలత అదే రిసార్టులో వచ్చినవాళ్ళకి గదులు చూపిస్తుంది. ఒకరికొకరు నచ్చారు, ఆ సంగతి తీరిగ్గా నాకు చెప్పారు. నాకేమీ అభ్యంతరం లేదు. కుర్రాడు నెమ్మదస్తుడు, అడిగినదానికి సమాధానం చెబుతాడు. చిక్కంతా మాట ఖాయం చేసుకునే రోజు దగ్గర వచ్చిపడింది.

మావైపు ఆ రోజున పిల్ల ఇంట్లో కాచిన ఇప్పసారా ఒక కుండలో పోసి పెడతారు. వచ్చిన పెద్దలందరికీ ఆ కుండలోంచే అడ్డాకు దొన్నెల్లో పోస్తారు. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి పొయ్యకూడదు. మొదటి దొన్నె పిల్ల మేనమామది. ఆయన తాగితే మాట నిలిచినట్టు. తాగకుండా కింద పెట్టాడా, వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోవలసిందే. పిల్లాడి వైపువాళ్ళు నోట పట్టి ఉమ్మేస్తే మరీ ఘోరం, ఆ పిల్ల మాకు వద్దని చెప్పినట్టు లెక్క.

హేమలత మేనమామ గాసి ముంచింగిపుట్టు అవతల ఉంటాడు. ఆయన చెల్లెలు దేముడమ్మే మా వదిన. మా అన్న హేమలత పాకే వయసులో పోతే, ఆ పిల్లని మేమిద్దరం ఆడవాళ్ళమే పెంచుకొచ్చాం. నేను ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే వదిన చేను, కాఫీ మొక్కలు, ఇల్లు చూసుకునేది. ఇప్పుడు ఆవిడా లేదు. గాసికి చెల్లెలంటే ప్రాణం. మాట ఖాయం సంగతి కబురు పెడితే, తిరిగి ఆయన పంపిన కబురు ఇది: "మా సెల్లి గుమ్మంల షాపు మందు నాను ముట్టను. దేముడమ్మ సేతిదే పొయ్యాల. నేదంటే నన్ను పిలవకండి."

దేముడమ్మ చేతిది ఇంట్లో ఒక్క సీసా ఉంది. అదీ సగమే. నలుగురు తాగితే అయిపోతుంది. కొత్తగా కాద్దామంటే ఇది మంచుకాలం, ఇప్పపువ్వు రాలాలంటే ఎండలు ముదరాలి. పైగా ఈ రోజుల్లో సారా కాస్తే కేసవుతుంది. అయినా అసలు సంగతి వేరు. ఎవరు కాచినా అది దేముడమ్మది అవ్వదు.

ఆవిడ కాచే రోజులు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. తెల్లారకముందే ఇద్దరం బుట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి వెళ్ళేవాళ్ళం. రాలిన పువ్వు తడిగా, మెత్తగా ఉండేది. నేను ఏరినదానికంటే తిన్నదే ఎక్కువని ఆవిడ ఆటపట్టించేది. ఎండబెట్టిన పువ్వుని నానబెట్టి, అది పొంగి అణిగేదాకా రోజూ చెవి పెట్టి వినేది. కుండ పొయ్యి మీద పెట్టాక ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. వెదురు గొట్టంలోంచి దిగిన మొదటి చుక్కల్ని నిప్పు మీద వేసి మంట రంగు చూసేది. చేతిలో రుద్దుకుని వాసన చూసేది. ఎక్కడ పెళ్ళి జరిగినా వాళ్ళ సారా ముందు ఈవిడ దగ్గరికి తెచ్చేవారు. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుని, "మాడింది" అనో, "నీళ్ళు పోసినావు" అనో మొహమ్మీదే చెప్పేసేది. ఆవిడతో గొడవపడిన వాళ్ళని నేను చూడలేదు. అంత ఘటికురాలు తను మాత్రం ఒక్క దొన్నె మించి తాగేది కాదు. ఆ దొన్నె కూడా నాతో పంచుకునేది. చలికాలం సాయంత్రాలు, కిందనుంచి కిరండూల్ రైలు కూత వినిపిస్తుంటే, పొయ్యి పక్కన కూర్చుని ఆ ఒక్క దొన్నె ఇద్దరం తాగేవాళ్ళం. నాకు నా ఉద్యోగం కంటే, పెన్షను కంటే, ఆ సాయంత్రాలే ఎక్కువ.

ఉపాయం చెప్పింది ఫల్గుణే.

"తెల్ల రమ్ముల కలుపుదారి అత్తా. రంగు ఒకటే. మంచిది సూసి కలిపితే అమ్మ సారా రుసి పోదు. కుండంతా అవుద్ది."

నేను ఒంటికాలి మీద లేచాను. హేమలత నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకో దారి ఏదైనా ఉంటే చెప్పమంది. నా దగ్గర లేదు.

మర్నాడు మధ్యాహ్నం వాడు అరకు బజారునుంచి రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి కాస్త మంచి రకమని పేరున్నది. రెండోది చవకలో చవక. రిసార్టులో నిమ్మకాయ, పుదీనా వేసి కలిపే డ్రింకులకి అదే వాడతారట. అరుగు మీద స్టీలు గ్లాసులు పెట్టాం. వదిన సీసా నా ఒళ్ళోనే ఉంచుకున్నాను. జ్వరం మందు సీసా మూతతో కొలిచి, నేనే పోస్తానన్నాను. ప్రతి పరీక్షకీ ఒక మూత ఖర్చు. ఆ మూత వంచినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంది.

మొదటి సీసా వాసన చూస్తే ఐస్‌క్రీమ్ గుర్తొచ్చింది. ఒక గుక్క తాగాను. బాగానే ఉంది, తియ్యగా, మెత్తగా గొంతు దిగింది. ఊరికే తాగడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. తర్వాత అందులో వదిన సారా ఒక మూత కలిపి ఫల్గుణకిచ్చాను. వాడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని అటూ ఇటూ తిప్పి, పక్కకి వంగి ఉమ్మేశాడు.

"ఏటి సేత్తన్నావురా నువ్వు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా వదిన సారా మట్టిల ఉమ్మీసినావా? మా హేమలత గుంట వద్దేటి నీకు?"

వాడి మొహం పాలిపోయింది. వాడూ ఈ కొండల్లో పుట్టినవాడే, ఉమ్మడమంటే ఏమిటో తెలుసు.

"తప్పయిపోయింది అత్తా. కౌంటర్ల అలవాటు. మింగితే మూడో గ్లాసుకి రుసి తెలవదు. అందుకని మాకు ఉమ్మమనే నేర్పుతారు."

"నీ కౌంటర్ల నువ్వు ఉమ్ముకో. లేచి బేగి ఎల్లు ఇక్కడినుంచి."

సీసా చీర కొంగులో చుట్టేసుకున్నాను. ఇంకో చుక్క ఇచ్చేది లేదన్నాను. గాసి రాకపోతే పీడాపోయిందన్నాను, ఇంకా చాలా అన్నాను. ఫల్గుణ లేచి నిలబడ్డాడు గానీ వెళ్ళలేదు. హేమలత గుమ్మం దిగి వచ్చి నా ముందు కూర్చుంది.

"అత్తా, ఒక్కటి సెప్పు. నీ బయ్యం దేనికి? నా పెళ్ళి ఆగిపోద్దనా, అమ్మ సారా అయిపోద్దనా?"

నేను కొంగు మూటని ఇంకాస్త దగ్గరికి అదుముకున్నాను. సారా అయిపోతుందనే. ఆ సీసా బిరడా తీసినప్పుడు మాత్రమే వదిన ఇంట్లో ఉన్నట్టుండేది నాకు. పిల్ల పెళ్ళి కంటే నాకు ఆ వాసనే ఎక్కువైపోయిందా అనుకుంటే సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. చివరికి సీసా కొంగులోంచి తీసి, "రెండోది సూడండి" అన్నాను.

మొదటి రకంలో కలిపినదాన్ని ముందు నేనూ రుచి చూశాను. వదిన జాడ లేదు. ఆ తియ్యదనం కింద ఎక్కడో అణిగిపోయింది. రెండో సీసా, చవకది, వాసన చూస్తే ఏమంత లేదు. కాస్త చెరుకు మడ్డి వాసన, కాస్త సూదికి ముందు రాసే స్పిరిట్ వాసన. ఉత్తదే తాగితే నాలుక చివర చురుక్కుమంది, తర్వాత నోట్లో ఏమీ మిగల్లేదు.

"ఇది మడుసులు తాగేదేనేటి?" అన్నాను.

"ఊరికే తాగడానికి పనికిరాదత్తా. కూకుని సిప్ సేసేవోళ్ళకి మేం ఇది పొయ్యం. కలపడానికే. దీనికి సొంత గొడవ నేదు, ఏది కలిపితే దాని రుసే పైకొత్తాది."

మూతతో సారా పోశాను. ఈసారి వాడు మింగాడు. గ్లాసు నాకిచ్చాడు. నేను నోట్లో పోసుకున్నాను. ముందు రమ్ము చురుకు, వెంటనే ఇప్పపువ్వు. ఆ వెనకాల పొగ. మా పొయ్యి పొగ, ఆవిడ పొయ్యిలో పెట్టే మోదుగు కర్ర పొగ. నేను గ్లాసు కింద పెట్టలేకపోయాను. హేమలత తీసుకుని తాగి, "అమ్మదే" అంది. చివర్లో గొంతు పట్టే ఆ గరుకు పోవడానికి ఫల్గుణ అడవి తేనె ఒక చెంచా, కాచి చల్లార్చిన నీళ్ళు కొన్ని కలిపాడు. అల్లం వేద్దామన్నాడు. ఇది పెళ్ళి మాటా, పానకమా అని కసిరాను.

మాట ఖాయం రోజు పొద్దున్న కుండలో రమ్ము పోశాక వాడు నా దగ్గరకొచ్చాడు.

"అత్తా, సగం పోసి సగం మీకు ఉంచుకోండి. పెద్ద తేడా తెలవదు."

ఆ మాటకి నా మనసు లాగేసింది. సీసా పట్టుకుని వంటింట్లోకి పోయి తలుపు చేరవేసుకున్నాను. బిరడా తీసి వాసన చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. దాచుకుంటే ఇంకెన్నాళ్ళు చూస్తాను, ఎవరితో తాగుతాను? పంచుకోవడానికి అవతల మనిషి లేదు. బయటికొచ్చి మొత్తం కుండలో వంచేశాను.

పొగమంచు విడేసరికి పెళ్ళికొడుకువాళ్ళు వచ్చారు. గాసి సర్వీసు జీపు దిగి, ఎవర్నీ పలకరించకుండా వచ్చి చాప మీద కూర్చున్నాడు. మొదటి దొన్నె నేనే పోసి ఇచ్చాను. పోయినవాళ్ళ కోసం నేల మీద కొన్ని చుక్కలు వదిలాడు. వాసన చూశాడు. పెదవి తడిపి ఆగిపోయాడు.

"షాపు మందు కలిపినారు. గట్టిగా తెలవటం నేదు గానీ, ఉంది."

ఫల్గుణ తండ్రి చాప మీద అటూ ఇటూ కదిలాడు. హేమలత గుమ్మం పట్టుకుని నిలబడింది. గాసి దొన్నె పట్టుకున్న చెయ్యి కిందికి దిగుతోంది. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"కలిపినాం బావా. తెల్ల రమ్ము, సవక రకం. దాందే ఎక్కువ."

"మా సెల్లిది ఎంతుంది ఇందల?"

"ఉన్నదంతా, బావా. సీసా నీళ్ళతో తొలిపి, ఆ నీళ్ళు కూడా పోసీసినాను. ఇంట్ల ఇంక నేదు."

గాసి నా మొహంలోకి చూశాడు. దొన్నె రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. ఆకు మడతల్లో తడి మిగిలితే వేలితో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుని, అలాగే ఏడ్చాడు. ఆ తర్వాత చాప మీద ఉన్నవాళ్ళవైపు తిరిగాడు.

"తాగండి," అన్నాడు. "ఒలకబొయ్యకండి."