దించని చెయ్యి

సోమవారం పొద్దున్నే ఆవిడ బాత్రూంలోకి సముద్రం వచ్చేస్తుంది. రెండు నారింజరంగు లైఫ్ జాకెట్లు, బిగుసుకుపోయిన తాళ్ళు, ఇసుక రాలే బూట్లు, ఆయన కోటు. అన్నిటికీ ఉప్పు పట్టి ఉంటుంది. మంచినీళ్ళలో మూడుసార్లు ముంచి తియ్యాలి, పిండకూడదు, నీడలోనే ఆరెయ్యాలి. ఎనిమిదిన్నరకి కళ్ళజోళ్ళ షాపులో ఉండాలి కాబట్టి ఏడింటిలోపే ఈ భాగోతమంతా ముగియాలి. ఆయన ఇంకా నిద్రలోనే ఉంటాడు. పాపం, ఆదివారమంతా పడవ నడిపి అలిసిపోయాడు మరి!

"నీళ్ళమీద షికారు తిప్పే మొగుడు ఎందరికి దొరుకుతాడమ్మాయ్? మీ మామగారు నన్ను వీధి చివరిదాకా తీసుకెళ్ళిన పాపాన కూడా పోలేదు," అంటుంది అత్తగారు, జాకెట్ల నుంచి కారిన నీళ్ళని జాగ్రత్తగా దాటుకుంటూ. ఆ మాటా నిజమే. అందుకే ఆవిడ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ తెరచాప పడవ ఎక్కుతూనే ఉంది. పేరుకి ఇద్దరి సరదా. బ్రెడ్డుకి వెన్న రాసేది, గుడ్లు ఉడకబెట్టేది, ఫ్లాస్కులో టీ పోసేది, తిరిగొచ్చాక తడిసిన తెరచాప మడతపెట్టేది ఆవిడ. చుక్కాని ఆయనది. పెళ్ళయిన రెండో ఏడు, గాలి మెత్తగా ఉన్న ఒక రోజున, "ఒక్కసారి నన్ను పట్టుకోనివ్వరూ?" అని అడిగింది. "అది గరిటె కాదోయ్!" అన్నాడాయన. పడవలో ఉన్న స్నేహితులు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. అడిగినందుకు కాదు గానీ, వాళ్ళతో కలిసి నవ్వినందుకు ఆవిడకి తనమీద ఇప్పటికీ కోపమే. షాపులోనూ అంతే. తొమ్మిదేళ్ళుగా అద్దాలు బిగిస్తోంది, అయినా వచ్చినవాళ్ళు ఆవిడ భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "సార్ లేరా?" అంటారు.

ఇక పడవలో ఆవిడకిచ్చిన ఉద్యోగం గురించి చెప్పాలి. ఎవరైనా నీళ్ళలో పడితే ఎలా కాపాడాలో వాళ్ళ పడవల క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి సాధన చేస్తారు. ఖాళీ డబ్బా ఒకటి నీళ్ళలోకి విసురుతారు. ఆ పూటకి అదే మునిగే మనిషి. పడవ తిప్పుకొచ్చి దాన్ని అందుకోవాలి. అల కాస్త లేచిందంటే తల కనపడదు, ఒక్కసారి చూపు తప్పితే మళ్ళీ దొరకదు. అందుకని పడవలో ఒకళ్ళు ఇంకే పనీ ముట్టుకోకుండా, డబ్బా వైపే చెయ్యి చాపి నిలబడాలి. "మనిషి అందేదాకా చెయ్యి దించకూడదు. అర్థమైందా? నీకిదే పని," అని ఆయనే నేర్పాడు. చుక్కాని ఇవ్వడానికి మనసొప్పని వాళ్ళకి అప్పగించే పని అది. క్లబ్బులో భార్యలందరూ అలా చేతులు చాపినవాళ్ళే.

ఆవిడ పదకొండేళ్ళు ఆ డబ్బాల వంకే చూసింది. గాలిని వెనకేసుకుని దూసుకొస్తే డబ్బా పక్కనుంచి పడవ దాటిపోవడం చూసింది. డబ్బాని దాటి గాలివాలుకి కిందుగా వెళ్ళి, గాలికి ఎదురుగా ముక్కు తిప్పి, చాప తాడు వదిలేస్తే పడవ మెల్లగా వచ్చి డబ్బా పక్కన ఆగడం కూడా చూసింది. ఏది ఎప్పుడు ఎందుకు తప్పిపోతుందో ఆవిడకి తెలిసినంతగా ఆ క్లబ్బులో ఇంకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి పెరిగింది. ఆయన ఒడ్డుకి తిప్పేశాడు. ఆవిడ గుడ్డు పెంకులు ఏరుతూ తల ఎత్తి చూస్తే, దూరాన నల్లగా ఏదో లేచి మాయమైంది.

"ఏవండీ, అక్కడెవరో మనుషులు!"

"మనుషులూ లేరు, గినుషులూ లేరు. కొట్టుకొచ్చిన డ్రమ్ము అది. కూర్చో, పడతావు."

కూర్చోలేదు. కుడిచెయ్యి చాపి నిలబడింది. రెండో అల లేచేసరికి బోర్లాపడ్డ చిన్న తెడ్ల పడవా, దాన్ని కరుచుకుని రెండు తలలూ కనిపించాయి. ఆయనా చూశాడు. వెంటనే పడవ తిప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి, వెనకాడలేదు. కానీ గాలిని వెనకేసుకుని వచ్చాడు. పడవ బాణంలా దాటిపోయింది. రెండోసారీ అంతే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గాలిని తిట్టాడు, తాడుని తిట్టాడు. నీళ్ళలో ఉన్న ముసలాయన తల ఒక పక్కకి వాలిపోతోంది.

"ఇది పట్టుకో. కదపకు! ముందుకెళ్ళి నేను తాడు విసురుతా," అని ఆయన చుక్కాని కర్ర ఆవిడ ఎడమచేతిలో పెట్టి ముందుకి పాకాడు.

ఆవిడ కదిపింది. కుడిచెయ్యి నీళ్ళలోని మనుషుల వైపు చాపే ఉంచి, ఎడమచేత్తో కర్రని తోసింది. పడవ కిందుగా వెళ్ళింది, చుట్టు తిరిగింది, గాలి నేరుగా ముఖాన కొట్టింది. వాళ్ళు చేతికందే దూరానికి వచ్చాక మాత్రమే కుడిచెయ్యి దించి చాప తాడు వదిలింది. చాప టపటపా కొట్టుకుంది, పడవ వాళ్ళ పక్కన వచ్చి ఆగింది. ఆయన వంగి ముందు ముసలాయన్నీ, తర్వాత స్కూలు టీచరైన ఆ ముసలాయన కూతుర్నీ పైకి లాగాడు. కర్ర ఆవిడ చేతిలో ఉన్నది మొత్తం ఏడు నిమిషాలు. తర్వాత ఆయన వచ్చి, "ఇటివ్వు," అన్నాడు. ఇచ్చేసి, వాళ్ళకి టీ పోసింది.

అప్పట్నుంచీ ఆవిడ ఎడమ అరచెయ్యి ఊరుకోవడంలేదు. బస్సులో కమ్మీ పట్టుకుంటే అది గుర్తొస్తుంది. చీపురు పట్టుకుంటే అది గుర్తొస్తుంది. ఆ కర్ర వణికిన తీరు, కింద కదిలే నీళ్ళ బలమంతా మణికట్టులోకి ఎక్కి, తను చెప్పినట్టు వినడం! ఇన్నేళ్ళలో తన మాట అంత సులువుగా విన్నది ఇంకోటి లేదు. కళ్ళజోడు బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయి కిటికీలోంచి ఎదురు దుకాణం జెండా చూస్తుంది. గాలి ఎటుందో లెక్క కట్టుకుంటుంది. ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది కావాలి. ఎవరూ మునగకుండా, ఎవరూ అరవకుండా, ఊరికే, తన కోసం కావాలి. ఈ కోరికకి ఇంట్లో ఏ మూల చోటు దొరుకుతుందో ఆవిడకి తెలియలేదు.

నిన్న సాయంత్రం క్లబ్బు హాల్లో ఆయనకి వెండి కప్పు ఇచ్చారు. ఆయన కథ అప్పటికే చిలవలు పలవలు వేసింది. "చూడగానే నాకర్థమైంది. గాలికి ఎదురు తిప్పి, చాప వదిలేశా," అని చెప్పాడు. అబద్ధమాడుతున్నానన్న భయం కూడా ముఖంలో లేదు, అన్నిసార్లు చెప్పి తనే నమ్మేశాడు. "మా ఆవిడ వీళ్ళకి వేడివేడి టీ ఇచ్చింది," అని కూడా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు కూడా ఆవిడ టీ బల్ల దగ్గరే ఉంది.

టీచరమ్మ సరాసరి ఆ బల్ల దగ్గరికే వచ్చి, ఆవిడ కుడి మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ చెయ్యేనండీ. అల పైకెత్తినప్పుడల్లా నాకు ఇదొక్కటే కనపడేది. పడవ రెండుసార్లు దాటిపోతే మా నాన్న ఇక వదిలేస్తానన్నారు. నేనేమో, 'చెయ్యి ఇంకా మనవైపే ఉంది నాన్నా, ఆగు' అంటూనే ఉన్నాను."

ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

పక్కనే ఉన్న ఆయన నవ్వేశాడు. "మా ఆవిడ వేలెత్తి చూపించడంలో దిట్టలెండి! ఇంట్లో రోజూ నాకదే కదా." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

ఇంతలో సెక్రటరీ పుస్తకం తెరిచాడు. "వచ్చే ఆదివారం సాధన. చుక్కాని పట్టేవాళ్ళు ఎవరెవరో చేతులెత్తండి, పేర్లు రాసుకుంటా."

ఏటా లేచే చేతులే లేచాయి. ఆవిడ కెటిల్ కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని పైకెత్తింది.

"చుక్కానికా అమ్మా?" సెక్రటరీ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మరి టీ సంగతో?" పేరు రాయలేదు. ఆయన వంక చూశాడు, అనుమతి అక్కడుందన్నట్టు.

మిగతా చేతులన్నీ దిగిపోయాయి. ఆయన దగ్గరికొచ్చి, నవ్వుముఖం చెదరనీయకుండా గొంతు తగ్గించాడు. "ఏంటోయ్ ఇది? అందరూ చూస్తున్నారు. చెయ్యి దించు."

భుజం లాగుతోంది. అయినా ఆవిడ చెయ్యి అంగుళం కూడా కిందికి రాలేదు.

"మనిషి అందేదాకా దించకూడదని మీరే చెప్పారు కదండీ," అంది.