పాడుబడని గది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఎండాకాలంలో నూరుల్లా ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు పోయాడు. అతను కమాల్ బాషా ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. పెళ్ళి జంటలను, పసిపిల్లలను తీసి తీసి విసుగెత్తి, సెలవు దొరికినప్పుడల్లా యజమాని కెమెరా అడిగి తీసుకుని పాడుబడ్డ కట్టడాల వెంట తిరిగేవాడు. ఊరికి దూరంగా, పెన్న ఒడ్డున, కుష్ఠువాళ్ళ కోసం కట్టి మూతబడిన పెద్దరోగం ఆసుపత్రి ఒకటుందని ఎవరో చెప్పారు.

పైకప్పు సగం కూలిపోయింది. వరండాలో ముళ్ళకంప మొలిచింది. ఒక్కో వార్డునే ఫోటో తీసుకుంటూ అతను చివరి గదికి వచ్చాడు. అక్కడ వెలుగు బ్రహ్మాండంగా ఉంది. కిటికీ చువ్వల నీడలు గోడ మీద ఏటవాలుగా పడుతున్నాయి. కానీ నేల ఊడ్చి ఉంది. నులకమంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. మూలన నీళ్ళకుండ, దాని మీద మూత.

ఎవరో ఉంటున్నారని నూరుల్లాకు తెలియకపోలేదు. తెలిసే, గది పాడుబడినట్టు కనపడాలని మంచం తిరగేశాడు. దుప్పటి విప్పి కిటికీకి వేలాడేశాడు. ఎండిన వేపాకులు దోసిళ్ళతో తెచ్చి గదంతా చల్లాడు. కుండను దొర్లిస్తే నీళ్ళు ఒలికిపోయి, మూతి పగిలింది. పగిలిందే మేలనుకున్నాడు. ఫోటో తీశాడు.

మళ్ళీ సర్దేలోపే గుమ్మంలో అలికిడైంది. నెత్తిన కట్టెలమోపుతో ఒక ముసలామె. చేతివేళ్ళు సగానికే ఉన్నాయి.

"ఏందప్పా ఇది? నా మంచం ఎవురు తిరగేసినారు?"

"గాలేమోనమ్మా. నేనిప్పుడే వచ్చినా," అన్నాడు నూరుల్లా.

ఆమె నమ్మింది. "ఈ పెన్న గాలికి కండ్లు కనపడవు," అని తిట్టుకుంటూ మోపు దించింది. ఆమె పేరు దీవెనమ్మ. "నయమైందని చెప్పి అందర్నీ పంపేసిరి. మా ఊర్లో గడప తొక్కనీలేదు. ఇంగ యాడికి పోదును, ఈడికే తిరిగొచ్చినా," అంది.

మంచం ఎత్తడానికి నూరుల్లా ఒక పక్క పట్టాడు. రెండో పక్క ఆమె మణికట్లతో ఆనించి లేపింది.

"ఎండన పడి వచ్చినట్టుండావు. నీళ్ళిద్దామంటే కుండ పగిలిపాయ," అని ఆమె నొచ్చుకుంది.

నిజం చెబుదామని నూరుల్లా నోరు తెరిచాడు. కెమెరా భుజానికి తగిలించుకున్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో కమాల్ బాషాకు ఎంతో నచ్చింది. పెద్దది చేయించి, పటం కట్టి, స్టూడియో ముందర అద్దాల పెట్టెలో పెట్టాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "మనిషి జాడే లేదు, సూస్తేనే దిగులైతాంది," అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నూరుల్లాకు చెంప మీద కొట్టినట్టుండేది.

తరువాతి సెలవు రోజున కొత్త కుండ కొని, ఆ ఫోటో కాపీ ఒకటి తీసుకుని, ఆసుపత్రికి పోయాడు. గుమ్మం బయటే నిలబడి జరిగిందంతా చెప్పాడు. దీవెనమ్మ ఫోటోను వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"దీంట్లో నేను చచ్చిపోయినట్టుండాది గదప్పా."

"తప్పయిపాయనమ్మా. ఉన్నదున్నట్టు ఇంకోటి తీస్తా. నిన్ను గూడా తీస్తా."

"వద్దు. ఆ పొద్దు నాతోపాటు మంచం ఎత్తితివే, అప్పుడన్నా చెప్పుంటే నవ్వి ఊరుకుందును. పాపం, ఆ గాలిని ఎన్ని తిట్లు తిట్టినానో." ఫోటో అతని చేతికిచ్చేసింది. "కుండ ఆడ పెట్టి పో. లోపలికి రావద్దు."

ఆ సాయంత్రమే అతను ఫోటో తీసెయ్యమని కమాల్ బాషాను బతిమాలాడు. ఎందుకో కూడా చెప్పాడు. కమాల్ బాషా నవ్వాడు. "పిచ్చోడా, పెండ్లికూతుర్ని కూడా పౌడరు పూసే కదా తీస్తాండాము. దాన్ని చూసే జనం వస్తాండారు. ఉండనీ."

కెమెరా యజమానిది, ఫోటో యజమానిది. మరునాటి నుంచి నూరుల్లా ఆ అద్దాల పెట్టె ముందుకు పోకుండా వెనక సందులోంచి పనికి వచ్చేవాడు.