ఆషాఢంలో ఇరవై ఒక్క కిలోమీటర్లు

పరుగు మొదలయ్యే చోట కూర్మయ్య మావ మా నలుగురి బూట్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు.

"తొక్కండి," అన్నాడు. "కొత్త బండి తీసినప్పుడు ఏటి సేస్తాం? ఇదీ అంతే."

కూర్మయ్య మావ మా లారీ ఆఫీసులో టైర్లు చూస్తాడు. సాలూరులో నిమ్మకాయలు తొక్కించకుండా ఏ కొత్త లారీనీ రోడ్డెక్కించరు. మనుషుల చేత తొక్కించడం మాత్రం నేనదే చూడటం. విశాఖపట్నం నుంచి పరుగుకు వచ్చిన కుర్రాళ్ళు పగలబడి నవ్వుతూ మా కాళ్ళకు ఫోటోలు తీసుకున్నారు. మా బుకింగ్ మేనేజరు ఉపేంద్రకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలలుగా చేతి గడియారంలో గుండె చప్పుడు చూసుకుంటూ బతుకుతున్న మనిషి. తొక్కనంటే తొక్కనని మొండికేశాడు. వెనక నుంచి ఒక్క తోపు తోశాను. తొక్కాడు.

నాకు కోపం తొందర. ఆ రోజు ఇంకాస్త తొందరగా ఉంది, ఎందుకంటే నేను పరుగెత్తేది మా పింకీ కోసం. పింకీ నా కూతురు, ఎనిమిదేళ్ళది. పుట్టుకతోనే వినపడదు. బొబ్బిలి ఇవతల అలాంటి పిల్లలకు ఒక బడి ఉంది. నిరుడు వర్షాల్లో బడి వ్యాను మూలపడింది. అప్పటి నుంచి పిల్లలు అక్కడే హాస్టల్లో పడుకుంటున్నారు. పింకీ రెండు వారాలకొకసారి ఇంటికి వస్తుంది. వాళ్ళ నాన్న రాయపూర్ లైన్లో లారీ మీద ఉంటాడు. ఒక్కదాన్నే పిడికెడు బియ్యం పోసుకుని, ఆ అన్నం కూడా తినలేక పడుకునేదాన్ని.

ఆ బడి కోసమే ఈ హాఫ్ మారథాన్. సాలూరులో మొదలై బడి గేటు దగ్గర ఆగుతుంది. మా ఓనరు నరసింగరావు గారు ఆఫీసులో అందరి ముందూ మాటిచ్చారు.

"మీ నలుగురూ తొమ్మిదిలోగా గీత దాటండి. మన పాత వ్యాను బాగుచేయించి బడికిచ్చెస్తాను. ఒక్కరు తగ్గినా నేదు. లారీ ఆఫీసోళ్ళు కూకుని కూకుని బస్తాలైపోనారని ఊరంతా నవ్వుతంది."

నలుగురిలో చిన్నవాడు కళ్యాణ్, బుకింగ్ గుమాస్తా. అక్క వరసన నన్ను అప్పా అంటాడు. వేసవిలో పెళ్ళయింది. అడగకముందే పేరిచ్చాడు. ఎంత మంచి మనసని ఆఫీసంతా చెప్పుకుని మురిసిపోయాను కూడా.

ఆరింటికి బయల్దేరాం. రాత్రి వాన పడి రోడ్డు చల్లగా ఉంది. కూర్మయ్య మావ ఘాట్ రోడ్డెక్కుతున్న లారీలా ఒకే గేరులో వస్తున్నాడు. ఉపేంద్ర గడియారం ఊరికే కుయ్యిమంటోంది, అది కుయ్యిమన్నప్పుడల్లా ఆయన ముఖం పాలిపోతోంది. కళ్యాణ్ మాత్రం కనపడితే ఒట్టు. బయల్దేరిన కాసేపటికే ఎటు పోయాడో పోయాడు.

"కుర్రోడు, రగతం అలగుంటాది," అన్నాడు మావ.

రక్తం కాదు, ఇంకోటని రామభద్రపురం దాటాక తెలిసింది.

రోడ్డు పక్కన నులకమంచం వేసి ఉంది. దాని మీద కళ్యాణ్. బూట్లు విప్పి, కాళ్ళు కడిగించుకుని, ఒళ్ళో అరిటాకు పెట్టుకుని బూరె తింటున్నాడు. పక్కనే అతని కొత్త పెళ్ళాం ఈశ్వరి విసనకర్రతో విసురుతోంది. వాళ్ళ అమ్మ జగ్గమ్మ గారు ఆకులో నెయ్యి పోస్తోంది. అది కళ్యాణ్ అత్తవారి ఊరు!

ఆషాఢం కదా, ఈశ్వరి పుట్టింట్లో ఉంది. ఈ నెలంతా కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. పెళ్ళాం ముఖం చూడక మూడు వారాలై, దారి ఈ ఊరి మీదుగా ఉందని తెలిసి పరుగుకు వచ్చాడన్నమాట వెధవ! అత్తగారేమో గడప తొక్కనివ్వలేదు, అలాగని అల్లుణ్ణి ఇంటి ముందు నుంచి ఖాళీ కడుపుతో పోనివ్వనూ లేదు. మర్యాదలన్నీ మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టేసింది.

"లే!" అన్నాను.

"ఒక్క బూరె అప్పా. అత్త బాదపడతాది."

"మీరూ కూకోండమ్మా," అంది జగ్గమ్మ గారు. "మా వోకిట్లోకి వొచ్చి ఎంగిలి పడకుండా ఎల్పోతారేటి?"

వెనక్కి తిరిగి చూస్తే ఉపేంద్ర అప్పటికే రెండో గారె మీద ఉన్నాడు. మావ మంచం మీద చోటు చేసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్యాణ్‌ను పెట్టిన శాపనార్థాలకు ఈశ్వరి విసనకర్ర ఆపేసింది. పెళ్ళాన్ని చూడగానే కాళ్ళు పడిపోయే మగాడు లోకంలో ఉంటాడా అన్నాను. సిగ్గులేదా అన్నాను. అతను నేల చూపులు చూస్తున్నాడే గానీ లేవడు. ఇంక నావల్ల కాలేదు, ఏడుపొచ్చింది. పింకీ సంగతీ వ్యాను సంగతీ ఏడుస్తూనే జగ్గమ్మ గారికి చెప్పేశాను.

ఆవిడ నెయ్యి గిన్నె కింద పెట్టేసింది.

"ఓలమ్మా, పిల్ల సంగతి ముందు సెప్పొద్దేటి!" అని అల్లుడి ఒళ్ళోంచి ఆకు లాగేసింది. "ఒసే ఈశ్వరీ, మీ అయ్య బండెక్కు. ఎనక్కి తిరిగి కూకో. ఈ బూరెల గిన్ని ఒళ్ళో ఎట్టుకో."

కళ్యాణ్ మామగారు గంగులు తన టీవీఎస్ బండి పట్టుకుని నీళ్ళు నమిలాడు. "ఆషాడమే! ఇద్దరూ ఒకే దారిన ఎల్తే నలుగురూ ఏటనుకుంటారు?"

"గడప తొక్కొద్దన్నారు గానీ రోడ్డు తొక్కొద్దన్నారేటి? రోడ్డుకి గడప నేదు. నువ్వు బండి తియ్యి!"

బండి కదిలింది. వెనక్కి తిరిగి కూర్చున్న ఈశ్వరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్యాణ్ బూట్లలో కాళ్ళు దూర్చి, లేసులు కూడా కట్టకుండా దూకాడు. ఆ బూరెల గిన్నె వెనక నలుగురం పడ్డాం. ఎవరు దగ్గరికొస్తే వాళ్ళకు ఈశ్వరి ఒక బూరె అందిస్తోంది. ఉపేంద్ర గడియారం విప్పి జేబులో పడేసి మరీ అందుకున్నాడు. విశాఖపట్నం కుర్రాళ్ళను దాటేశాం. నాకు నవ్వాగలేదు. డొక్కలు పట్టేసి, కళ్ళ నీళ్ళు కారుతూ, నవ్వుతూనే పరుగెత్తాను. అంత సంతోషంగా ఒళ్ళు తేలిపోవడం నా పెళ్ళిలో కూడా లేదు.

బడి గేటు ముందు సున్నంతో గీత గీశారు. గీత అవతల చేతిలో గడియారంతో నరసింగరావు గారు, పక్కన కట్టిన తాడు వెనక బడి పిల్లలంతా. దారి పొడవునా జనం కేకలే, ఇక్కడ మాత్రం చిన్న చప్పుడు లేదు.

"ఏటిది, పిల్లలు పలకరేటి?" అన్నాడు మావ.

పిల్లలందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. వేళ్ళు విప్పుకుని గబగబా ఆడుతున్నాయి.

"అవి చప్పట్లే మావా," అన్నాను.

మావ గీత దాటాడు. ఉపేంద్ర దాటాడు. కళ్యాణ్ ఈశ్వరి ఒళ్ళోంచి అందుకున్న బూరెల గిన్నెతో సహా దాటాడు. నాకు గీత ఇంకా రెండడుగులుందనగా పింకీ తాడు కింద నుంచి దూరి వచ్చి నా మీద పడింది. నేను రోడ్డు మీదే కూలబడిపోయాను.

ఎందుకింత ఆలస్యం అని చేతులతో అడిగింది.

బూరెలు తిన్నాం అని చేతులతోనే చెప్పాను. నాకెన్ని తెచ్చావంది. జడలు వదులైపోయాయి, తల దువ్వేవాళ్ళు లేరు కాబోలు. అక్కడే కూర్చుని జడ అల్లడం మొదలుపెట్టాను. వెనక అందరూ ఏదో గోల పెడుతున్నారు. చెవులున్న నాకే ఒక్క ముక్కా వినపడలేదు.

పింకీయే నా భుజం మీదుగా చూసింది. కళ్యాణ్ ఎగురుతూ నేల మీది గీతకేసి వేలు చూపిస్తున్నాడు, నరసింగరావు గారు గడియారం మీద కొడుతున్నారు. పిల్లకు అర్థమైపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని, సగం అల్లిన జడతో, బలమంతా పెట్టి లాగింది. ఇద్దరం గీత మీద బోర్లా పడి అవతల తేలాం.

"అయ్యిందా, నేదా?" అరిచాడు మావ.

నరసింగరావు గారు గడియారం చూశారు, నన్ను చూశారు. "అయ్యింది లెండి. మీతో ఏగలేను బాబూ," అన్నారు.

కళ్యాణ్ వచ్చి నా ఎదుట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏటప్పా? మనిషిని సూడగానే కాళ్ళు పడిపోయేవోళ్ళు లోకంలో ఉంటారేటి?"

"నోర్ముయ్," అన్నాను.

శ్రావణం వచ్చాక వ్యాను బాగుపడి వచ్చింది. చక్రం కింద నిమ్మకాయ పింకీయే పెట్టింది. మొదటిరోజు సాయంత్రం పిల్లను దింపడానికి వ్యాను మా వీధి మలుపులో ఆగినప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఎసట్లో ఇంకో పిడికెడు బియ్యం పోసి బయటికి పరుగెత్తాను.