సవరమ్మ చెయ్యి

రోజా తలని పేను కొరికేసిందని, అదీ ఊళ్ళో పేను కాదు, కాలేజీ హాస్టల్ పేనని పక్కింటి బసవమ్మ గారు పాలకేంద్రం దగ్గర నలుగురిలో అన్నారట. ఆ నలుగురిలో ఒకావిడ మా ఆవిడ కృష్ణవేణికి చెప్పింది. కృష్ణవేణి నాకు చెప్పి, గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది.

మా అమ్మాయి రోజాకి పదిహేడేళ్ళు. ఎడమ చెవి పైన రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడి, చర్మం నున్నగా అద్దంలా ఉంది. మా వైపు దీన్ని పేనుకొరుకుడు అంటారు. పిల్ల రెండు వారాలుగా చున్నీ తల మీంచి తియ్యడం లేదు, కాలేజీకి వెళ్ళనంటోంది.

నూజివీడులో చర్మం డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, "పేనూ లేదు, పురుగూ లేదండీ. తామర కూడా కాదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటుపడి వెంట్రుకల కుదుళ్ళ మీదికి పోతుంది. ఎవరికీ అంటుకోదు. చాలామందికి దానంతటదే వస్తుంది, కొందరికి మళ్ళీ ఊడచ్చు కూడా. త్వరగా రావాలంటే నెలకోసారి ఆ మచ్చలోనే చిన్న ఇంజెక్షన్లు చేద్దాం. మీ అంతట మీరు మాత్రం ఏదీ రాయొద్దు" అంది.

తలలో సూదులనేసరికి నా మనసు ఒప్పుకోలేదు. ఆలోచించి చెబుతామని వచ్చేశాను. మాకు సవరమ్మ ఉండగా సూదులెందుకు?

సవరమ్మ ఒకప్పుడు మా మామిడి తోటలో పని చేసే ఆడవాళ్ళకి పెద్ద. నాకు ఏడేళ్ళప్పుడు ఇదే పేనుకొరుకుడు వచ్చింది. అవి చిన్న రసాల రోజులు. పాకలో వరిగడ్డి మీద కాయలు పరిచి ఉండేవి, ఆ వాసనకి మధ్యాహ్నం నిద్ర కూడా తియ్యగా ఉండేది. చెట్ల మీద మగవాళ్ళు చిక్కాలేసి కోస్తుంటే కింద నుంచి సవరమ్మ అరిచేది: "తొడిమ ఉంచండర్రా! సొన కారిందంటే కాయ మచ్చపడి పోద్ది!" ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కోతలప్పుడు నా కూలీల మీద నేనూ అదే కేక వేస్తాను.

ఆవిడే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పచ్చికాయ తొడిమ పుటుక్కున విరిచి, చిమ్మిన సొన నా తలకి పట్టించింది. నిప్పు పెట్టినట్టయింది. నా ఏడుపుకి తోటంతా పని ఆపింది. "అయిపోయింది నాయనా, అయిపోయింది" అంటూ నోటితో ఊది, చేతికి ఒక పండు ఇచ్చింది. ఏడుస్తూనే జుర్రుకున్నాను. వానాకాలానికి జుట్టు వచ్చింది. చింతగింజంత చోట మాత్రం రాలేదు. దాన్ని తడుముకున్నప్పుడల్లా నాకు ఆ ఒడీ, ఆ పండూ గుర్తొస్తాయి. సవరమ్మ చెయ్యి మంచిదని మా అమ్మ బతికినంత కాలం చెప్పింది.

ఆదివారం పొద్దున్నే పొడుగు తొడిమ ఉన్న కాయ ఒకటి కోసి సంచిలో వేసుకుని, రోజాని బండెక్కించాను.

"నాన్నా, డాక్టరు గారు ఏదీ రాయొద్దన్నారు."

"డాక్టరుకేం తెలుసే? సవరమ్మ చెయ్యి వేరు."

"మండుతుందా?"

"కొంచెం" అన్నాను. పిల్ల చున్నీ ఇంకాస్త ముందుకి లాక్కుంది.

సవరమ్మ నులకమంచం మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటినా చూపు తగ్గలేదు. రోజా చున్నీ తీసింది. ముసలామె వేలితో ఆ నున్నటి చోటు నిమిరింది.

"నొప్పుందా తల్లీ?"

"లేదు మామ్మా" అంటూ చున్నీ మళ్ళీ కప్పుకోబోయింది.

"మళ్ళీ చున్నీ ఎందుకు? ఉక్క పోస్తంది, ఉండనీ." నా వైపు తిరిగి, "నువ్వొంగు రవిబాబూ" అంది.

వంగాను. నా మచ్చ మీద వేలు పెట్టింది.

"గుర్తుందా మామ్మా?" అన్నాను సంబరంగా.

"ఎందుకుండదు? నువ్వు ముందు నడిస్తే నాకు కనపడేది ఇదేగా. నీకు రెండు చోట్ల ఊడింది, ఎరికేనా? ఒకదానికి సొన పెట్టా. రెండోదానికి పెడతానంటే గట్టు దూకి పారిపోయావ్. ఆ రెండోది ఏదీ, చూపించు?"

తల తడుముకున్నాను. ఎక్కడా దొరకలేదు.

"నిండా వచ్చేసింది. రానిది నే కాల్చిందే."

"మరి ఊళ్ళో అందరికీ నీ చేతి వల్లే వచ్చిందంటారుగా?"

"వచ్చేవే వచ్చినయ్. పేరు నాకొచ్చింది."

రోజా నన్నే చూస్తోంది. నా చెయ్యి అప్పటికే సంచిలో కాయ మీద ఉంది. ఎందుకో వదలబుద్ధి కాలేదు.

"కొంచెం మామ్మా, పైపైన రాయి. నీ చెయ్యి పడితే చాలు" అన్నాను.

సవరమ్మ సంచిలోంచి కాయ లాక్కుని, తొడిమ పట్టుకుని నా మొహం ముందు ఊపింది.

"కాయకి మచ్చ పడుద్దని ఇంత తొడిమ ఉంచి కోసుకొచ్చావే. పిల్ల తల కాయపాటి చెయ్యదా?"