కేకులమ్మ చేతికి తాళాలు

ఆ ఇంట్లోంచి నలుగురూ కలిసి బయటికి వెళ్లాలంటే ముందు మెట్ల మీద హాజరు పట్టీ నడవాలి. మనుషుల హాజరు కాదు. మనుషులు తప్పిపోతే వెతుక్కోవచ్చు, వస్తువుల సంగతి అలా కాదు.

“గ్యాసు?” అని అడిగేది కేకులమ్మ.

“కట్టేశాం!” అనేవాళ్లు మొగుడూ అత్తగారూ కూతురూ ఒక్క గొంతుతో.

“గీజరు?”

“ఆపేశాం!”

“ఇస్త్రీపెట్టె?”

“తీసేశాం!”

కింది అంతస్తులో ఇదంతా మరోసారి. గేటు దగ్గర ఇంకోసారి. పక్కవాటా పిల్లలకి ఈ పాఠం ఎంత బాగా పట్టుబడిందంటే, ఈవిడ గొంతు వినబడగానే తలుపు తీసుకుని వచ్చి వాళ్లు కూడా “కట్టేశాం!” అని అరిచేవారు. ఆ స్టవ్వు మొహం కూడా ఎరగని పిల్లలు. అయినా ఆ అరుపు చెవిన పడితే ఈవిడకి ప్రాణం కాస్త కుదుటపడేది. ఇంటిల్లిపాదీ దీన్ని ప్రేమనే అనుకున్నారు. అనుకోవడంలో తప్పేమీ లేదు, ప్రేమే అది. కాకపోతే పని చేసే ప్రేమ కాదు.

బేకరీలో క్రీము పని చేస్తుంది కనక వీధి వీధంతా ఆవిడ కేకులమ్మే. క్రీము కోను చేతబట్టుకుని గులాబీ దింపిందంటే రేకు మీద రేకు నిజంగా విచ్చుకుంటున్నట్టే ఉంటుంది. కేకు మీద ఎంత పొడుగు పేరు రాయాల్సొచ్చినా అక్షరం వంకర పోదు. చెయ్యి కదలదు ఆవిడకి. కదిలేదల్లా బుర్ర.

బేకరీ యజమాని ఊరి అవతలి చివర రెండో దుకాణం పెట్టాడు. “వచ్చే నెలనుంచీ నేను అక్కడే ఉంటానమ్మా. ఇక్కడి పెత్తనం నీదే. తాళాలు కూడా నువ్వే పట్టుకోవాలి” అన్నాడు.

“అలాగే సార్” అంది కేకులమ్మ నోరు. అన్న తర్వాతే ఆ సంగతి బుర్రకి తెలిసింది.

ఈ పెత్తనం కోసం ఆవిడ ఏళ్ల తరబడి ఎదురుచూసింది. కానీ రాత్రి ఒవెన్లు ఆపి, గ్యాసు వాల్వు కట్టి, షట్టరు దించే పని ఎప్పుడూ యజమానిదే. ఈవిడ తెలివిగా అంతకు ముందే “పిల్లకి చదువు చెప్పాలి సార్” అంటూ జారుకునేది. పెత్తనం మాట అన్నాక ఒకసారి ఆయన ఎదురుగానే మూయించి చూశాడు. దించిన షట్టరు ఎత్తడం, వాల్వు చూడ్డం, మళ్లీ దించడం, మళ్లీ ఎత్తడం. ఆఖరికి ఆయనే తాళం లాక్కుని, “చూద్దాంలే అమ్మా” అన్నాడు. ఆ ‘చూద్దాం’లో, బేకరీలో తనతోపాటే పనిచేసే బిస్కెట్లాయన పేరు వినబడింది ఆవిడకి.

బిస్కెట్లాయన మంచివాడే. “మీవల్ల కాకపోతే మొహమాటపడకండి, నేనున్నాగా” అని రోజూ ధైర్యం చెప్పేవాడు. ఆయన కేకు మీద పేరు రాస్తే అది కుడివైపు జారిపోతూ జారిపోతూ, చివరి అక్షరం అట్టముక్క మీద పడేది. అలాంటివాడి కింద పనిచెయ్యడం కన్నా కౌన్సెలింగుకి వెళ్లడమే సుఖమనిపించింది ఆవిడకి.

“పిచ్చివాళ్లు వెళ్లేచోటికి నువ్వెందుకమ్మాయ్?” అంది అత్తగారు.

“వెళ్లి చూసొచ్చా అత్తయ్యా. అక్కడందరూ నాలాగే ఉన్నారు. ఒకావిడైతే అచ్చం మీలాగే ఉంది.”

 రెండో వారం అత్తగారే ముందు తయారై కూర్చుంది, ఎందుకంటే కౌన్సెలరు ఇంట్లో అందరినీ తీసుకురమ్మంది.

కౌన్సెలరు చిన్న మనిషి, తొందరలేని మనిషి. మెట్ల మీది హాజరు సంగతంతా విని నవ్వాపుకుంది. “బాగా కట్టుదిట్టంగా నడుపుతున్నారే!” అంది. తర్వాత, “ఇవాళ్టినుంచి జవాబులు ఆపెయ్యాలి” అంది.

“అడిగిన మనిషికి జవాబు చెప్పకపోవడం ఎక్కడి మర్యాదమ్మా?” అంది అత్తగారు.

“మీ కోడల్ని దోమ కుడితే ఆవిడ తరఫున మీరు ముగ్గురూ గోకుతున్నారండీ. గోకితే హాయిగానే ఉంటుంది. అందుకే మానడం లేదు.” కౌన్సెలరు కేకులమ్మ వైపు తిరిగింది. “అనుమానం నిజం తెలుసుకోవడానికి రాదండీ, మాట్లాడించడానికి వస్తుంది. మీరు జవాబు చెప్పారా, దానికి కుర్చీ వేసినట్టే. ఒక్కసారి చేత్తో కట్టండి, కంటితో చూడండి, వదిలెయ్యండి. గుండె దడదడలాడుతుంది. ఆడనివ్వండి. దానంతటదే తగ్గుతుంది.”

“తగ్గకపోతే?”

“తగ్గడం ఎప్పుడైనా చూశారా?”

“చూడనిచ్చారా వీళ్లు? అది మొదలవకముందే ‘కట్టేశాం’ అంటారు కదండీ.”

ముగ్గురూ నేల చూపులు చూశారు. మొగుడుగారు లిఫ్టు మెకానిక్కు. తాళ్ల మధ్య వేలాడుతూ పనిచేసే మనిషి. పెళ్లాం మొహంలో దిగులు చూడమంటే మాత్రం ఆయనకి కాళ్లాడవు. “మరి అడిగితే ఏమనమంటారు?” అన్నాడు బితుకుబితుకుమంటూ.

“‘ఏమో’ అనండి. ‘తెలీకుండా ఉండటం కష్టంగా ఉందా?’ అని అడగండి. ఆ తర్వాత మీ పని మీరు చూసుకోండి.”

మర్నాటినుంచే ‘ఏమో’లు మొదలయ్యాయి. మొదటి వారం అందరూ తెగ సంబరపడ్డారు. హాజరు పోయింది, కేకులమ్మ నిమ్మళంగా మెట్లు దిగుతోంది. తీరా చూస్తే అసలు సంగతి వేరు. అత్తగారు ‘ఏమో’ అంటూ కళ్లు రెండూ మూసి తల ఆడిస్తే కట్టినట్టు. మొగుడుగారు ‘ఏమోనే’ అని సాగదీస్తే కట్టినట్టు. కూతురు ‘ఏమో’ అని బొటనవేలు చూపించేది, దానికి తర్జుమా కూడా అక్కర్లేదు.

ఈ సంగతి కౌన్సెలరుకి కేకులమ్మే చెప్పేసింది. చెప్పకుండా నెలాఖరు దాకా గడపొచ్చని తెలుసు. అయితే నెల తిరిగాక తాళాలు బిస్కెట్లాయన జేబులో ఉంటాయనీ తెలుసు.

“నువ్వు నాకు ఎదురు సాక్ష్యం చెప్పావా అమ్మాయ్!” అంది అత్తగారు.

“మీ కళ్లు నిజం దాచలేవు అత్తయ్యా, నేనేం చెయ్యను?”

అప్పట్నుంచీ అడిగితే ముగ్గురూ మొహం అటు తిప్పుకుని ‘ఏమో’ అనేవారు. మొదటిరోజు కేకులమ్మ మార్కెట్టు దాకా వెళ్లేలోపు ఇల్లు తగలబడిపోయినట్టు, తను వీధిలో నిలబడ్డట్టు సినిమా మొత్తం చూసేసింది. వెనక్కి మాత్రం తిరగలేదు. వంకాయలు ఏరుతోంటే గుండె గొంతులో కొట్టుకుంది. టమాటాల దగ్గరికొచ్చేసరికి ఛాతీలోకి దిగింది. సంచీ నిండేసరికి, పుచ్చు వంకాయ ఒకటి వచ్చిందన్న కోపమే మిగిలింది. దడ తగ్గడమనేది పుట్టి బుద్ధెరిగాక ఆవిడ స్వయంగా చూడ్డం అదే మొదలు. ఎవరూ ఏమీ చెప్పకుండానే తగ్గింది మరి.

అలా రోజూ కాస్తకాస్త సాధన చేస్తూ ఉండగానే, యజమాని కొత్త దుకాణానికి వెళ్లే రోజు వచ్చేసింది.

ఆ సాయంత్రం బిస్కెట్లాయన వెళ్తూ వెళ్తూ, “ఉండమంటారా?” అన్నాడు.

“వెళ్లిరండి” అంది కేకులమ్మ.

ట్రేలు కడిగి బోర్లించింది. ఒవెన్లు ఆపింది. గ్యాసు వాల్వు చేత్తో కట్టి, అది అడ్డంగా తిరిగిందని కంటితో చూసింది. ఒక్కసారే. దీపాలార్పి, షట్టరు దించి, తాళం వేసి నడక మొదలుపెట్టింది.

వీధి మలుపు దాకా ఏమీ లేదు. మలుపు తిరగ్గానే అనుమానం పక్కన చేరింది, పిలవకుండా భోజనానికొచ్చే చుట్టంలా. ‘కట్టావు సరే, పూర్తిగా తిరిగిందా?’ అంది. ‘రావోయ్, నడుస్తూ మాట్లాడుకుందాం’ అనుకుంది కేకులమ్మ, మాట్లాడింది మాత్రం లేదు. బస్సులో అరచేతులు చెమటలు పట్టాయి. ఫోను తీసి ఇంటికి చెయ్యబోయి, ముగ్గురూ ‘ఏమో’ అంటారని గుర్తొచ్చి మానేసింది. ఇల్లు చేరేసరికి సగం దడ బస్సులోనే దిగిపోయింది.

ఇంట్లో మొగుడు లేడు. అత్తగారిని అడిగితే, “ఏమో” అంది. ఈసారి ఆవిడకి నిజంగానే తెలీదు.

కాసేపటికి ఆయన వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము, మోచేతి మీద గీరుడు, మొహంలో ఇంత వెలుగు.

“ఎక్కణ్ణుంచీ?” అంది కేకులమ్మ, అనుమానంగానే.

“అటు పక్క లిఫ్టు పనుండి...”

“లిఫ్టులో దుమ్ము తెల్లగా ఉండదే. అది మైదా.”

ఆయన దాచుకోలేకపోయాడు. “మీ బేకరీ వెనకాల నిచ్చెన వేసుకుని వెంటిలేటరులోంచి టార్చి కొట్టి చూశానే! వాల్వు కట్టే ఉంది! నిక్షేపంగా ఉంది! మొదటిరోజు కదా, నువ్వు అల్లాడిపోతావని...”

“ఓరి నీ మొహం మండా!” అంది అత్తగారు. “నేను పొద్దుట్నుంచీ నోరు కట్టుకుని కూర్చున్నదెందుకురా!”

కేకులమ్మ ఒళ్లంతా తేలికైపోయింది. ఆ హాయి మామూలు హాయి కాదు, పాత హాయి. ఆయన చెప్పులు విడిచి గోడవారకి పెట్టేదాకా ఉంది. ఆ తర్వాత ఆవిడ నాలిక చివరికి ఒక మాట వచ్చి నిలబడింది: ‘కళ్లజోడు పెట్టుకునే చూశారా?’

అది అక్కడే ఆగింది. ఆవిడ దాన్ని తేరిపార చూసింది. నిచ్చెనెక్కి, టార్చి వేసి, సాక్షి ఎదురుగా నిలబడి చెప్పినా, దీనికింకా ఆకలే! రేపు కళ్లజోడు పెట్టుకున్నానంటే, ఎల్లుండి టార్చిలో బ్యాటరీ సరిగ్గా ఉందా అంటుంది. ఇన్నేళ్లూ తనకి వాల్వు మీద అనుమానమనుకుంది. వాల్వుకీ దీనికీ సంబంధమే లేదు.

కేకులమ్మకి నవ్వొచ్చింది. కూర్చుని మరీ నవ్వింది.

“ఏమైందే?” అన్నాడు మొగుడు భయపడి.

“ఏం లేదండీ. మీరు వెళ్లి చూసి మంచి పని చేశారు. రేపట్నుంచీ మాత్రం తిన్నగా ఇంటికే రండి. నిచ్చెన ఎక్కారని తెలిసిందో, నిచ్చెన తీసేసే పూచీ నాది.”

“కోపమా?”

“కోపం కాదు. మీరెక్కినంత మాత్రాన నాకు సరిపోదని తెలిసింది. అలాంటప్పుడు మోచెయ్యి గీసుకోవడం దండగ కదా.”

ఆయన మోచేతికి మందు రాస్తోంటే ఆ కళ్లజోడు ప్రశ్న రెండుసార్లు తొంగి చూసింది. ఆవిడ అడగలేదు. దడ వచ్చింది, కూర్చుంది, ఎవరూ మర్యాద చెయ్యకపోయేసరికి లేచింది. అన్నాలప్పుడు యజమాని దగ్గర్నుంచి ఫోను.

“అమ్మా, అంతా కట్టేశావా? ఒవెన్లూ, వాల్వూ? మళ్లీ ఒకసారి చూశావా?” ఆయన గొంతు గాభరాగా ఉంది. ఇన్నేళ్లలో తన దుకాణం తను మూసుకోని మొదటి రాత్రి ఆయనకి.

ఇంట్లో ముగ్గురూ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఈవిడ వంకే చూస్తున్నారు.

“ఒకసారి చూసి కట్టానండీ” అంది కేకులమ్మ.

“ఒక్కసారేనా?”

“ఒక్కసారే సార్. రోజూ అంతే చూస్తాను.”

“పోనీ... ఇప్పుడోసారి వెళ్లి...”

“వెళ్లను సార్. మీకు కాస్త కష్టంగా ఉంటుంది. తగ్గుతుంది లెండి. రేపు పొద్దున్న బన్నులకి పిండి ఎంత కలపమంటారో చెప్పండి.”

ఆయన కొంచెం ఆలోచించి, “రోజూ కలిపేదానికి ఇంకో సగం కలుపు” అన్నాడు. “కేకుల మీద పేర్లు నువ్వే రాయి. బిస్కెట్లాయనకివ్వకు.”