పడవలో పట్టేంతమంది

రాజధాని బమాకోలోని ఆ పెద్దాసుపత్రి వరండాలో ఆ ఇద్దరు డాక్టర్లు ఎదురుపడితే అటెండర్లు గోడకి అతుక్కుపోయి దారి ఇచ్చేవారు. అరుపులకి, కేకలకి జడిసి కాదు. వాళ్లిద్దరూ మహా మర్యాదగా మాట్లాడుకునేవారు. భయమంతా అక్కడే.

"నమస్కారం డాక్టరు గారూ. కులాసాయేనా?"

"తమ దయ డాక్టరు గారూ. ఇంట్లో అందరూ బాగున్నారా?"

డాక్టర్ యాపెరె కసోగె దోగోన్ ఆడది. కొండచరియల మీద ఉల్లి పండించుకునే జాతి వాళ్లది. నరాల డాక్టరు. డాక్టర్ బ్రెహిమా కరబెంటా బోజోవాడు. ఏట్లో పుట్టి, ఏట్లో పెరిగి, చేపలు పట్టుకు బతికే జాతి. రక్త పరీక్షల విభాగానికి అతను పెద్ద. దోగోన్, బోజో కలిస్తే తిట్టుకుని తీరాలి. ఏనాటిదో కరువులో ఒకడు తన తొడ కోసి వండి రెండోవాడి బిడ్డ ప్రాణం నిలిపాడట. ఆ తొడ మా తాతదంటే మా తాతదని రెండు జాతులూ నేటికీ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆనాటి నుంచీ ఒకరి పిల్లని ఒకరు చేసుకోకూడదు, ఒకరి నెత్తురు ఒకరు కళ్లజూడకూడదు, ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు, తిట్టి అడిగినదాన్ని కాదనకూడదు. బావామరదళ్లకి కూడా అంత చనువుండదు. అలాంటివాళ్లు ఒకరినొకరు గారూ గారూ అనుకుంటున్నారంటే మధ్యలో శవం ఉన్నట్టే.

శవం నిజంగానే ఉంది. దాని పేరు అంతందు. బతికుంటే ఈపాటికి మీసాలొచ్చేవి.

యాపెరె దగ్గరికి వచ్చినప్పుడు వాడు గోడ పట్టుకుని నడిచేవాడు. తర్వాత తల్లి భుజం పట్టుకుని నడిచాడు. ఆ తర్వాత నడవలేదు. కాళ్ల కండలు ముందు బిగుసుకుని, తర్వాత కరిగిపోయే జబ్బు అది. దేశం మొత్తం గాలిస్తే ఆమెకి దొరికినవాళ్లు పదకొండుమంది, రెండే రెండు కుటుంబాలు. జబ్బుకి పేరు కూడా లేదు. పేరు పెట్టాలన్నా పరిశోధన చెయ్యాలి, పరిశోధనకి డబ్బు కావాలి. ఎక్కడో సముద్రాల అవతల వైద్య పరిశోధనల కోసమని ఒక నిధి ఉందని తెలిసి, ఆమె మూడేళ్ల కిందట దరఖాస్తు తయారుచేసింది. ఒక్కో సంస్థ నుంచి ఒక్క దరఖాస్తే వెళ్లాలి. ఏది వెళ్లాలో తేల్చే కమిటీలో కరబెంటా ఉన్నాడు.

ఆ రోజు అతను లేచి, గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు. "డాక్టరు గారి కృషిని గౌరవిస్తాను. కాని పదకొండుమందా? ఒక్క పడవలో పట్టేస్తారు. మన మలేరియా పిల్లలకి ఎన్ని పడవలు కావాలో ఆలోచించండి."

అందరూ నవ్వారు. మలేరియా దరఖాస్తు వెళ్లింది. అది కరబెంటాదే. మరుసటి వానాకాలంలో అంతందు ఊపిరి తీసే కండలు కూడా మొరాయించాయి. ఆ డబ్బు వచ్చినా వాడు బతికేవాడు కాదని యాపెరెకి తెలుసు. వైద్యం చదివిన మనిషి, అంతమాత్రం తెలియకపోదు. కాని చివరి రోజుల్లో వాడు, "ఆంటీ, నా జబ్బుని చూడటం మొదలెట్టారా?" అని రోజూ అడిగేవాడు. రోజూ ఆమె తల దించుకునేది. ఆ తల దింపుడుకి కారణం ఎవరో ఆమె మరచిపోలేదు, మరచిపోదలచుకోలేదు. కరబెంటాని తిట్టడం ఆ కమిటీ రోజే మానేసింది.

ఈ ఏడు ఆ నిధి మళ్లీ తలుపు తెరిచింది. ఈసారి అరుదైన జబ్బులకి ఒక షరతు కూడా తగిలించారు. ఒకరికొకరు చుట్టరికం లేని మూడు కుటుంబాలుండాలి, మూడింట్లోనూ రోగులకి రక్త పరీక్షలు జరిగి ఉండాలి. మూడో కుటుంబం ఎక్కడుంది? దేవుడికి వేళాకోళం ఎక్కువ. చూపించాడు, జోలిబా ఏటి గట్టున, బోజో జాలర్ల పాకల్లో.

పిల్ల పేరు నియామొయ్. నేల మీంచి లేవాలంటే తన మోకాళ్ల మీద తనే చేతులానించి, మెట్లెక్కినట్టు తన ఒంటి మీదే పాకుతూ లేచేది. దాని నాయనమ్మ బయా పొగ పొయ్యి దగ్గర చేపలు తిరగేస్తూ, వాకిట్లో అడుగుపెట్టిన యాపెరెని చూసి పట్టకారు ఎత్తింది.

"ఎవరే అది, కొండ దిగొచ్చిన కొండముచ్చు! ఉల్లి కంపు పడవల రేవు దాకా కొడుతోంది!"

"నీ ముక్కుకి ఉల్లి వాసన కూడా తెలుస్తుందా ముసలీ? ఎండుచేపలతో పాటు నీ ముక్కు కూడా ఎండిపోయిందనుకున్నా."

"రావే రా. తిండికి లేక వచ్చుంటావు, కూచో. మా తాత తొడ తిన్న జాతి, మా చేప తినకేం చేస్తావు!"

కూర్చోబెట్టి అన్నం పెట్టింది, చేప పెట్టింది, ముళ్లు తీసి మరీ పెట్టింది. యాపెరెకి చాలా రోజుల తర్వాత ప్రాణం హాయిగా అనిపించింది. చేతులు కడుక్కుని సూది బయటికి తీసేసరికి ముసలిదాని మొహం మారిపోయింది.

"అది లోపల పెట్టు."

"పిల్ల కోసమే అత్తా."

"తెలుసు. నువ్వు దోగోన్‌వి. నీ చేత్తో మా పిల్ల నెత్తురు తీస్తే నీకూ మంచిది కాదు, మాకూ కాదు."

"పోనీ మా నర్సుని పంపుతాను. ఆవిడ దోగోన్ కాదు."

"పంపింది ఎవరు? నువ్వు. కత్తి పట్టినవాడిదా తప్పు, పట్టించినవాడిదా? నా దగ్గర నీ చదువు తెలివి చూపించకు. బోజో చెయ్యి తీసుకురా, నేనే పిల్ల చెయ్యి పట్టుకుంటా."

ఉమ్మి తీసుకుంటే చాలదా అని ఊళ్లో డాక్టర్లు ఆమెకి సలహా ఇచ్చారు. ఉచిత సలహాలకి కరువేముంది? కండలు ఎంత కరిగి నెత్తుట్లో కలుస్తున్నాయో తెలియాలంటే నెత్తురే కావాలి. ఆసుపత్రిలో సూది పట్టే బోజో చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా!

యాపెరె వెళ్లి అతని బల్ల ముందు నిలబడింది. గదిలో చల్లగాలి మిషను గుర్రుగుర్రుమంటోంది. ఆమె విషయం చెప్పింది, తడబడకుండా, మర్యాదగా.

"తప్పకుండా డాక్టరు గారూ. మీరు అడిగితే కాదంటానా? ఈ వారం మలేరియా నమూనాలు ఎక్కువున్నాయి. పై వారం చూద్దాం."

"కమిటీ ఈ శుక్రవారమే కూర్చుంటోంది డాక్టరు గారూ."

"అయ్యో, అలాగా! చాలా విచారించవలసిన విషయం." అతను కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు. "అయినా ఆ పదకొండుమంది..."

"పదిమంది."

"అర్థం కాలేదు."

"ఒకడు పోయాడు డాక్టరు గారూ. ఇప్పుడు పదిమంది."

అతను తల దించుకున్నాడు. యాపెరెకి అది చాలలేదు. ఇతను ఎంత దించుకున్నా నా లెక్క సరిపోదు అనుకుంటూ బయటికి వచ్చింది. తిట్టి అడిగితే అతను కాదనలేడు, పితృదేవతల కట్టు అది. ఏరా ఎండుచేపా, లేచి రా అంటే చాలు, మలేరియా నమూనాలు వదిలేసి వెంట నడవాలి. కాని ఆ పిలుపులో క్షమాపణ ఉంటుంది. తిట్టడమంటే నువ్వు నావాడివి అనడం. ఆ మాట ఆమె గొంతు దాటి రాదు.

గురువారం సాయంత్రం బయా ఎవరితోనూ చెప్పకుండా ఒక పని చేసింది. పెద్ద చేప వండానని, బోజో బిడ్డ ఎంత డాక్టరైతే మాత్రం ముసలి ప్రాణం పిలిస్తే రాడా అని కరబెంటాకి కబురంపింది. అదే కబురు యాపెరెకీ పంపింది. ఇద్దరూ వాకిట్లో ఎదురుపడ్డారు.

"నమస్కారం డాక్టరు గారూ."

"నమస్కారం డాక్టరు గారూ. మీరు కూడా వచ్చారా?"

బయా చేతిలోని గరిటె కుండ అంచు మీద ఠంగుమంది.

"ఏంటీ? ఏంటా మాటలు? దోగోన్, బోజో 'గారూ' అనుకోవడం ఈ కళ్లతో చూడాల్సి వచ్చిందా! ఎవరు చచ్చారే మీ మధ్య?"

కరబెంటా వంగి చెప్పులు విప్పుకోసాగాడు.

"అడుగుతున్నా కదా!"

"ఒక పిల్లాడు," అంది యాపెరె.

ముసలిది ఇద్దర్నీ తేరిపార చూసింది. ఏట్లో నీళ్ల రంగు చూసి సుడి ఎక్కడుందో చెప్పగల మనిషి ఆవిడ. "అదా సంగతి. అయితే వినండి. పగబట్టిన ఇద్దరి మధ్యకి నా మనవరాలి నెత్తురు రాదు. విషమైపోతుంది అది. కొండముచ్చూ, వీణ్ని తిట్టు. నా ఎదురుగా తిట్టు. నోరారా తిట్టు. అప్పుడే పిల్ల చెయ్యి చాపుతుంది."

నియామొయ్ చాప మీద కూర్చుని, చెయ్యి చాపాలో వద్దో తెలియక ఒళ్లో దాచుకుంది. సన్నటి చెయ్యి. అంతందు చెయ్యి కూడా మొదట్లో అలాగే ఉండేది. యాపెరె ఆ చేతిని చూసింది, కరబెంటా మొహాన్ని చూసింది. ఆ తర్వాత మూడేళ్లుగా మూసిన మూత తీసింది.

"ఏరా, ఎండుచేప మొహమా!"

కరబెంటా ఉలిక్కిపడ్డాడు.

"బురదలో పుట్టి కోటు తొడుక్కోగానే దొర అయిపోయావా? వల వెయ్యడం చేతగాక సూది పట్టినవాడా! పదకొండుమందీ ఒక్క పడవలో పట్టేస్తారన్నావు కదరా, చచ్చిన చేపా! చూడు. పడవలోంచి ఒకడు దిగిపోయాడు. వాడి చోటు ఖాళీగా ఉంది కదా అని ఇప్పుడు మీ పిల్ల ఎక్కింది. మీ ఏటి పిల్ల! లెక్క మళ్లీ పదకొండే. ఇంక నవ్వరా, ఆ రోజు నవ్వించావుగా, నవ్వు!"

నవ్వాలి. కట్టు అది. కరబెంటా ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. మూడేళ్ల బరువు దిగిపోయినవాడి నవ్వు అది. బయా బోసినోటితో విరగబడి నవ్వింది. ఏం జరిగిందో తెలియని నియామొయ్ కూడా నవ్వింది. యాపెరె కూడా పెదాలు సాగదీసింది.

"ఉల్లిపాయా, నిన్ను తరిగితే నాకే కదే కన్నీళ్లు," అంటూ అతను పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. సూది దిగింది కూడా పిల్లకి తెలియలేదు. అతని చెయ్యి అంత మెత్తన. ఆ చెయ్యి అంత మంచిదైనందుకు యాపెరెకి ఇంకా మండింది.

ఆ రాత్రికి రాత్రే పరీక్ష ఫలితం దరఖాస్తులో చేరింది. శుక్రవారం కమిటీ పెద్ద ప్రొఫెసర్ సమాకె రెండు దరఖాస్తులు ముందేసుకుని, "కరబెంటా, నీదీ ఉంది ఇందులో. నువ్వేమంటావు?" అన్నాడు.

కరబెంటా లేచాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. "నాది వెనక్కి తీసుకుంటున్నాను. మూడేళ్ల కిందట ఇదే గదిలో పడవ గురించి ఒక కూత కూశాను. పడవలో పట్టేంతమందే కదా అని పడవ ముంచేస్తామా? మా జాలర్లెవరూ ఆ పని చెయ్యరు. ఈ కొండముచ్చుకి డబ్బిస్తే సగం ఉల్లి మడికి ఖర్చుపెడుతుంది, ఆ మాట వాస్తవం. మిగతా సగంతో ఈ జబ్బుకి పేరు పెడుతుంది. పంపండి!"

గది గొల్లున నవ్వింది. మూడేళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్య తిట్టు వినిపించిందని అందరి మొహాలూ విప్పారాయి. తలుపు దగ్గర టీ గ్లాసులు పట్టుకున్న అటెండరు కూడా అల్లాకి దండం పెట్టుకున్నాడు. సమాకె సంతకం చేసి, ముద్ర వేసి, దరఖాస్తు కవర్లో పెట్టి, కవరు అంటించాడు.

యాపెరె అది అంటించేదాకా ఆగింది. అప్పుడు లేచి, చేతులు జోడించింది.

"ధన్యవాదాలు డాక్టరు గారూ. తమ మేలు మరచిపోలేను."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కరబెంటా మొహంలో నవ్వు మాత్రం, పోవాలో ఉండాలో తెలియక, కాసేపు అలాగే ఉండిపోయింది. పొరపాటు అతనిదే. దోగోన్ తిడితే పగ పోయిందని నమ్మడం బోజోవాడు మాత్రమే చెయ్యగల పొరపాటు. వేరే జాతివాడైతే ఆ తిట్లలో ఉన్నది ఉన్నట్టు వినేవాడు.

వరండాలో వెనకే వచ్చి అందుకున్నాడు. "నిన్న ఏటి గట్టున..."

"పిల్ల చెయ్యి కోసం తిట్టాను."

"నేను నిజమనుకున్నాను."

"నేనన్న ప్రతి మాటా నిజమే డాక్టరు గారూ. తిట్టడం ఒక్కటే అబద్ధం."

అతను ఆగాడు. కోపం రావాలి, రాలేదు. "మరి ఇప్పుడీ మర్యాద?"

"ఇది అంతందు కోసం."

తనకి జాలి వేస్తుందేమోనని ఆమె భయపడింది. కొంచెం వేసింది కూడా. దాన్ని గొంతులోకి రానివ్వలేదు.

"దరఖాస్తు చదివాను," అన్నాడు కరబెంటా మెల్లగా. "ఆర్నెల్లకోసారి ఆ పిల్ల రక్తం తియ్యాలని మీరే రాశారు. నాలుగేళ్లపాటు. డబ్బొస్తే మళ్లీ ఆ వాకిట్లోకే వెళ్లాలి. ఆ ముసలమ్మ మీరు తిడితే గాని చెయ్యి చాపనివ్వదు."

"తిడతాను."

"నేను నవ్వాలి."

"నవ్వుదురుగాని డాక్టరు గారూ. ఇప్పుడు తెలుసుగా, దేనికి నవ్వుతున్నారో."

అతను పక్కకి తప్పుకుని, చెయ్యి చాపి, ఆమెకి దారి చూపించాడు. "దయచెయ్యండి డాక్టరు గారూ," అన్నాడు.

యాపెరె తల వంచి, అతన్ని దాటుకుని వెళ్లింది. అటెండర్లు మళ్లీ గోడకి అతుక్కున్నారు.