వేలు చూపరాని వెలుగు

పత్తికొండ అవతలి ఆ ఊళ్లో, గుట్ట మీద వెలుగు కనిపించిందంటే జొన్నరొట్టెలకు పొయ్యి వెలిగించే వేళయినట్టే. గుమ్మడికాయంత వెలుగు, చప్పుడు లేకుండా కాసేపు నిలబడి పోయేది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఒక్కటే జాగ్రత్త. గుమ్మడి పిందెను వేలు వంచి చూపినట్టే దాన్నీ వంచిన వేలితోనే చూపాలి. వేలు చాచి చూపితే పిందె కుళ్లుతుంది. ఈ వెలుగైతే వచ్చి వేలు పట్టుకుంటుంది. పదేళ్ల కింద గొర్రెల కాపరి ఆంజనేయ మరిచిపోయి వేలు చాచాడు. మర్నాడు పొద్దుగూకే వేళ, నాయన వేలు పట్టుకుని సంతకు పోయే పిల్లవాడిలా చెయ్యి పైకెత్తి గుట్టకేసి నడిచిపోయాడు. మళ్లీ రాలేదు.

ఈ ఏడు ఎవరో విమానం నడిపే ఆయన కంట్లో పడిందట. మూడు మిలిటరీ జీపులు వచ్చాయి. గుట్ట కింది చేన్ల చుట్టూ ముళ్లతీగ లాగి, విచారణ తేలేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదన్నారు. తీరా చూస్తే కింద నిలబడినవాళ్లలో ఊరివాళ్లకే అది కనిపిస్తుంది, మిలిటరీవాళ్లకు కనిపించదు. ఎటువైపని అడిగితే ఊరంతా వేలు వంచి చూపింది. ఆ వంపుల వెంట గురి పెడితే వాళ్ల యంత్రం ఒకసారి చింతచెట్టునూ ఒకసారి పంచాయతీ ఆఫీసునూ చూపించింది. పాపం, అదంతా శ్రద్ధగా రాసుకున్నారు.

తీగ లోపల సోమక్కది నాలుగెకరాల వేరుశెనగ. పీకే అదను వచ్చేసింది. ఇంకో వారం ఆగితే నేల గట్టిపడి కాయంతా మట్టిలోనే ఉండిపోతుంది. కొడుకు ఓబులేష్‌కు ఆ దిగులుతో అన్నం దిగడం లేదు.

ఆ సాయంత్రం కెప్టెన్ ఉమామహేశ్ వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. మర్యాదస్థుడు, చెప్పులు బయటే విడిచాడు. ఓబులేష్ పెండ్లాం శివలీల ఏడో నెల కడుపుతో పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది. గుట్ట మీద వెలుగు అప్పుడే నిలబడింది. రోజూ వెలుగును ముందు చూసేది ఆమేనని ఎవరో చెప్పారట.

"అమ్మా, వేలు చాచి ఒక్కసారి చూపించండి చాలు. రేపు పొద్దునకల్లా తీగ తీయించేస్తాను."

శివలీల మొగుడి వైపు చూసింది. ఓబులేష్ నేల చూశాడు.

"చూపీ. ఒగసారికి ఏం కాదులే."

కన్నకొడుకు నోట ఆ మాట విని సోమక్కకు ముందు సిగ్గేసింది. భయం తర్వాత వేసింది. పిండి అంటిన కోడలి చెయ్యి లేస్తోంది. సోమక్క దాన్ని కిందికి నొక్కి, తన వేలు నిటారుగా చాచింది.

"అద్దో సార్. రాసుకోండి."

కెప్టెన్ ఆ వేలి పక్కన యంత్రం పెట్టి గురి చూసి రాసుకున్నాడు. అంతలో వెలుగు ఆరిపోయింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

తెల్లారి తీగ తీసేశారు. గురి పెట్టిన చోట ఏమీ కనబడలేదని రాసుకుని, కెప్టెన్ సోమక్కకు దండం పెట్టి పోయాడు. ఓబులేష్ కూలీలను పిలుచుకుని చేన్లోకి దిగి పొద్దుగూకేదాకా తల ఎత్తలేదు. ఇంట్లో సోమక్క తలంటుకుంది. పుట్టబోయే బిడ్డకు దాచిన మెత్తటి పాతచీరలు ఏ పెట్టెలో ఉన్నాయో కోడలికి చెప్పింది. శివలీల ఏడుస్తూనే అన్నీ విన్నది.

కాయల ట్రాక్టర్‌తో వస్తున్న ఓబులేష్‌కు గుట్ట దారిలో అమ్మ ఎదురయింది. కుడిచెయ్యి పైకి లేచి ఉంది. దూకి ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"యాడికి పోతాండావమ్మా?"

"కాయ బాగొచ్చిండాదా?" అని అడిగింది. అతను ఆ చెయ్యి వదల్లేదు.

"నువ్వు చూపీమనింది కడుపుతో ఉండే పిల్లనప్పా," అంది సోమక్క. "యాడికి పోయినా నాకా మాట మరుపు రాదు."

చెయ్యి విడిపించుకుని నడిచింది. ఆమె గుట్ట మలుపు దాటాక పైన వెలుగు నిలబడింది. ఓబులేష్ తన వేలు దానివైపు నిటారుగా చాచాడు. భుజం లాగేసినా దించలేదు. వెలుగు రోజూ ఉన్నంతసేపే ఉండి, అతని వేలు ముట్టకుండా వెళ్లిపోయింది. మర్నాడు పొద్దుగూకినా వచ్చి పట్టుకోలేదు.